చిన్న టియర్‌డ్రాప్ నుంచి పెద్ద ట్రావెల్ ట్రైలర్‌కి మారాలనుకునే వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా దగ్గర మూడేళ్ళు 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న టియర్‌డ్రాప్ ట్రైలర్ ఉండేది. లోపల ఇద్దరికి సరిపడే పరుపు, వెనక తలుపు పైకెత్తితే చిన్న వంటగట్టు, పిల్లలకి పక్కన టెంట్. ఇప్పుడు 23 అడుగుల బంక్‌హౌస్ ట్రైలర్ (పిల్లలకి ఒకదాని మీద ఒకటి మంచాలున్నది) ఉంది. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఇక్కడి మన వాళ్ళలో క్యాంపింగ్ సరదా బాగా పెరిగింది, అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ నా ఫోన్‌కి వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

ఉన్న చిన్న ట్రైలర్ బాగానే ఉంది కదా, నిజంగా పెద్దది అవసరమా?

ఏడాదికి రెండు మూడు రాత్రులు, అదీ ఎండాకాలం కాని రోజుల్లో వెళ్ళేవాళ్ళకి అవసరం లేదు, చిన్నదే హాయి. మారాల్సిన సమయం ఎలా తెలుస్తుందంటే, మీరు ట్రిప్పులు ఎందుకు మానేస్తున్నారో చూసుకోండి. మా సంగతి చెబుతాను. వాన వస్తే వంట ఆగిపోయేది, ఎందుకంటే వంటగట్టు బయట ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చిన ఏడాది, అర్ధరాత్రి నాన్న టార్చిలైటు పట్టుకుని బాత్‌రూమ్‌కి 200 గజాలు నడిచి వెళ్ళడం చూశాక, వాళ్ళను మళ్ళీ అలా తీసుకెళ్ళకూడదని ఆ రాత్రే అనుకున్నాను. లోపల టాయిలెట్, నిలబడి నడవగల ఎత్తు, వానొచ్చినా ఆగని వంట, ఈ మూడింటిలో కనీసం రెండు మీకు నిజంగా కావాలనిపిస్తేనే ఖర్చుకు దిగండి.

ఒకేసారి 30 అడుగులది కొనేస్తే మళ్ళీ మార్చాల్సిన పని ఉండదు కదా?

ఈ మాట చాలామంది దగ్గర విన్నాను, వాళ్ళలో కొందరు రెండేళ్ళలో అమ్మేశారు కూడా. పొడవు పెరిగేకొద్దీ బండి పెద్దది కావాలి, పార్కింగ్ అద్దె పెరుగుతుంది, పాత పార్కుల్లో సైట్లు దొరకవు. యోసెమిటీలో అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్ 24 అడుగులు దాటకూడదు. మన టెక్సాస్‌లోనే బిగ్ బెండ్ పార్కులో చీసోస్ బేసిన్‌కి ఎక్కే దారి ఎంత మెలికలంటే, 20 అడుగులు దాటిన ట్రైలర్లు తీసుకురావద్దని పార్కు వాళ్ళే సలహా ఇస్తారు. నలుగురి కుటుంబానికి, అప్పుడప్పుడు పెద్దవాళ్ళు వస్తే సర్దుకోవడానికి, 20 నుంచి 25 అడుగుల మధ్య చూడమని నేను చెబుతాను.

ఇంకో మాట. మోడల్ పేరులో ఉండే అంకె చాలాసార్లు లోపలి గది పొడవును సూచిస్తుంది. ముందు ఇనప నాలుక, వెనక బంపర్ కలిపితే మరో నాలుగు అడుగుల దాకా పెరుగుతుంది. అమ్మేవాడిని హిచ్ (బండికి తగిలించే చోటు) నుంచి బంపర్ దాకా ఎంత అని అడగండి, పార్కు లెక్కలకు అదే పనికొస్తుంది.

అద్దెకు తీసుకుని చూడటం డబ్బు దండగ కదా?

దండగ కానే కాదు. ఒక్క వారాంతం అద్దెకు తీసుకుంటే ఏ షోరూమ్‌లోనూ తెలియనివి తెలుస్తాయి: రాత్రి ఒకరు లేస్తే మిగతావాళ్ళు లేస్తున్నారా, స్నానం చేసేటప్పుడు మోచేతులు గోడకు తగులుతున్నాయా, అమ్మకి మెట్లు ఎక్కడం కుదురుతోందా. మేము ముందు ఇష్టపడ్డ ఫ్లోర్‌ప్లాన్‌లో స్లయిడ్ (బయటికి జరిగే గది భాగం) మూసేస్తే బాత్‌రూమ్‌కి దారే ఉండదు. అద్దెకు తీసుకున్నప్పుడే అది తెలిసింది, దారిలో ఆగి టాయిలెట్ వాడుకోలేకపోతే మాకు ట్రైలర్ ఎందుకు!

## బండి, బరువు లెక్కలు

మా బండి టో రేటింగ్ (లాగగల గరిష్ఠ బరువు) 5,000 పౌండ్లు. 4,500 పౌండ్ల ట్రైలర్ లాగొచ్చా?

లాగగలగడం ఒకటి, భద్రంగా లాగడం ఇంకొకటి. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. డ్రైవర్ తలుపు తెరిస్తే అంచు మీద టైర్ల ప్రెషర్ రాసి ఉన్న స్టిక్కర్ ఉంటుంది. దాని మీద, మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని ఒక అంకె ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్ బండ్లలో కూడా సన్‌రూఫ్, సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్‌ని బట్టి అది మారుతుంది, కాబట్టి ఇంటర్నెట్‌లో చూసిన అంకె వద్దు, మీ తలుపు మీదిదే చూడండి.

ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే మీ బండి మీద పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. లెక్క వేద్దాం. సామానుతో కలిపి 4,500 పౌండ్ల ట్రైలర్, 13 శాతం చొప్పున 585 పౌండ్లు. ఆ బరువును ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇనుము సుమారు 80. మీరిద్దరూ, ఇద్దరు పిల్లలు కలిపి 500. ట్రంక్‌లో కూలర్, కుర్చీలు, బియ్యం, పప్పులు 150. మొత్తం 1,315. మీ స్టిక్కర్ మీద 1,300 అని ఉంటే అప్పటికే దాటిపోయారు, ఇంకా తాతయ్య, నానమ్మ బండెక్కనే లేదు.

పేలోడ్ దాటితే వెనక భాగం కిందికి కుంగుతుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేక్ వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. టో రేటింగ్ చూసి సంబరపడకండి. మామూలు కుటుంబానికి పేలోడ్ ముందు అయిపోతుంది.

బ్రోచర్‌లో డ్రై వెయిట్ 4,200 అని ఉంది. అదే లెక్క కదా?

ఆ బరువుతో మీరు ఎప్పటికీ ప్రయాణం చేయరు. నీళ్ళు, సామాను, చాలాసార్లు బ్యాటరీ కూడా అందులో ఉండవు. నీళ్ళు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే అదే 330 దాటుతుంది. మన వంట సామాను, దుప్పట్లు, పిల్లల సైకిళ్ళు కలిస్తే 800 నుంచి 1,000 పౌండ్లు ఇట్టే పెరుగుతాయి. లెక్కకి జీవీడబ్ల్యూఆర్ అంకె తీసుకోండి, అంటే ట్రైలర్ నిండినప్పుడు దాటకూడని గరిష్ఠ బరువు. కొన్నాక ఒకసారి హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద, సామాను మొత్తం సర్ది, అందరూ కూర్చుని తూకం వేయించండి. కొద్ది డాలర్ల ఖర్చుతో అనుమానం తీరిపోతుంది.

మాకు మినీవ్యాన్ ఉంది. దానితో కుదరదా?

హోండా ఒడిస్సీ, టొయోటా సియెన్నా లాంటివి 3,500 పౌండ్ల దాకా లాగగలవు. టియర్‌డ్రాప్‌కి చక్కగా సరిపోతాయి. కానీ బాత్‌రూమ్, బంక్ బెడ్లు ఉన్న ట్రైలర్లు నిండాక చాలావరకు ఆ హద్దు దాటిపోతాయి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడొద్దని కొన్ని బండ్ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, కొనేముందు అది చదవండి.

టెస్లా మోడల్ వై ఉంది, అది చాలా బలమైన బండి కదా?

బలానికి లోటు లేదు. దాని టో రేటింగ్ 3,500 పౌండ్లు, మోడల్ ఎక్స్‌ది 5,000. ఇబ్బంది రేంజ్‌తో వస్తుంది. నిలువుగా గోడలా ఉండే ట్రైలర్ గాలిని ఎదుర్కొంటూ వెళ్ళాలి కాబట్టి రేంజ్ సగానికి పడిపోతుందని అనుకుని ప్లాన్ చేయాలి. చాలా ఛార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్‌ని విప్పి పక్కన పెడితే తప్ప బండి పట్టదు, ఎండలో పిల్లలతో రోజుకి మూడుసార్లు ఆ పని చేయడం ఊహించుకోండి. దగ్గర్లోని స్టేట్ పార్కుకి చిన్న ట్రైలర్‌తో అయితే హాయిగా వెళ్ళొచ్చు.

పెట్రోలు బండ్లూ తప్పించుకోలేవు. మామూలుగా గ్యాలన్‌కి 20 మైళ్ళు ఇచ్చే మా ట్రక్ ట్రైలర్ తగిలించాక 9, 10 ఇస్తుంది.

పాత హిచ్, పాత వైరింగ్ సరిపోతాయా?

చాలావరకు సరిపోవు. టియర్‌డ్రాప్‌కి 4 పిన్నుల ప్లగ్ ఉండి ఉంటుంది, అందులో లైట్లు తప్ప ట్రైలర్ బ్రేకులకు తీగ ఉండదు. పెద్దదానికి 7 పిన్నుల ప్లగ్, బండిలోంచి ట్రైలర్ బ్రేకులు వేసే బ్రేక్ కంట్రోలర్ కావాలి. ఎన్ని పౌండ్ల మీద ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: చాలా చోట్ల 3,000, కాలిఫోర్నియాలో 1,500, టెక్సాస్‌లో 4,500. చట్టం ఏది చెప్పినా బ్రేకులు లేకుండా కుటుంబాన్ని ఎక్కించుకోకండి.

హిచ్ బాల్ సైజు చాలా చాలా ముఖ్యం. చిన్నవాటికి ఎక్కువగా 1 అంగుళం 7/8, 2 అంగుళాలవి వస్తాయి, పెద్ద ట్రైలర్లకి చాలావాటికి 2 అంగుళాల 5/16 బాల్ కావాలి. పెద్ద కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ కొన) 2 అంగుళాల బాల్ మీద కూడా కూర్చుని లాక్ అయినట్టే కనిపిస్తుంది. దారిలో గతుకు వస్తే ఊడి వచ్చేస్తుంది. కప్లర్ మీద అచ్చు వేసిన అంకె, బాల్ మీద అచ్చు వేసిన అంకె మీ కళ్ళతో చూసి ఒకటేనని తేల్చుకోండి.

## కొనేటప్పుడు

కొత్తదా, వాడినదా?

నా ఓటు మూడు నుంచి ఐదేళ్ళు వాడినదానికే. కొత్త ట్రైలర్ మొదటి ఏడాదే చాలా విలువ పోగొట్టుకుంటుంది, పైగా కొత్తవాటిలోనూ ఊడిన స్క్రూలు, కారే పైపులు మామూలే. వాడినదాన్ని కొన్నవాళ్ళకి ఒక మేలు ఉంది, మొదటి యజమాని అవన్నీ అప్పటికే బాగు చేయించి ఉంటాడు.

కానీ వాడినదాంట్లో నీళ్ళు కారాయా అన్నది ప్రాణం లాంటి విషయం. పైకప్పు ఎక్కి సీలెంట్ పగుళ్ళు చూడండి. లోపల మూలల్లో, కిటికీల కింద, స్లయిడ్ అంచుల్లో వేలితో నొక్కండి, మెత్తగా తగిలితే వదిలేయండి. బాత్‌రూమ్ ముందు నేల మీద కాళ్ళతో తొక్కి చూడండి. బయట గోడ మీదకి వాలు వెలుగులో చూస్తే బుడగల్లా ఉబ్బి కనిపిస్తోందంటే లోపల పొరలు విడిపోయాయని అర్థం, బాగు చేయించే ఖర్చు ట్రైలర్ ధరకి దగ్గరగా పోతుంది. మేము చూసిన ఒక ట్రైలర్‌లో అగరొత్తుల వాసన, కొత్త కర్టెన్లు, అంతా అందంగా ఉంది. మంచం కింద అర తెరిస్తే ప్లైవుడ్ నల్లబడి ఉంది. అనుమానం ఉంటే సర్టిఫైడ్ ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి.

టైర్ల మీద డాట్ నంబర్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరగకపోయినా ఐదారేళ్ళకి మార్చేయాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

డీలర్ 15 ఏళ్ళ లోన్ ఇస్తానంటున్నాడు, నెలకి తక్కువే పడుతుంది. తీసుకోవచ్చా?

నెలవారీ అంకె చూసి ఒప్పుకోకండి. అన్నేళ్ళ లోన్‌లో అసలు మెల్లగా తగ్గుతుంది, ట్రైలర్ విలువ వేగంగా తగ్గుతుంది, మధ్యలో అమ్మాలంటే చేతి నుంచి డబ్బు పెట్టాల్సి వస్తుంది. మన వాళ్ళలో చాలామందికి వీసా, ఉద్యోగం మారితే ఊరు మారే పరిస్థితి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్త. ధరకి పైన టెక్సాస్‌లో 6.25 శాతం అమ్మకం పన్ను, టైటిల్, రిజిస్ట్రేషన్, డీలర్ వేసే డాక్ ఫీజు (కాగితాల ఖర్చు), పీడీఐ ఫీజు (అప్పగించేముందు తనిఖీ ఖర్చు) ఉంటాయి. అన్నీ కలిపిన మొత్తం కాగితం మీద రాసివ్వమని అడగండి, రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

పడక, వంట, టాయిలెట్ ఉన్న ట్రైలర్‌ని ఐఆర్ఎస్ రెండో ఇల్లుగా పరిగణిస్తుంది, వడ్డీ మినహాయింపు దొరకొచ్చు. పన్ను లెక్కలో ఖర్చులు విడివిడిగా చూపించే (ఐటమైజ్ చేసే) వాళ్ళకే అది పనికొస్తుంది, ఆ లాభం చూసుకుని కొనొద్దు.

ఇన్సూరెన్స్ మా కారు పాలసీలోనే వస్తుందా?

సాధారణంగా లాగేటప్పుడు ఎవరికైనా నష్టం జరిగితే ఆ బాధ్యత కారు పాలసీ కిందికి వస్తుంది. ట్రైలర్‌కే దెబ్బ తగిలితే, వడగళ్ళు పడితే, దొంగతనం జరిగితే విడిగా పాలసీ ఉండాలి. మీ ఏజెంట్‌తో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి.

ఎక్కడ పెట్టాలి? హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఊరుకుంటుందా?

టియర్‌డ్రాప్ గరాజ్‌లో పట్టేది, ఇది పట్టదు. చాలా హెచ్‌ఓఏలు ఇంటి ముందు సామాను ఎక్కించుకోవడానికి ఒకటి రెండు రోజులకి మించి ఒప్పుకోవు. ట్రైలర్ కొనకముందే స్టోరేజ్ చోటు వెతకండి, మా వైపు కప్పు ఉన్న చోట్లకి వెయిటింగ్ లిస్టులు ఉంటాయి. ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలం వడగళ్ళు చూశాక నేను కప్పు లేని చోట పెట్టను.

## రోడ్డు మీద

వెనక్కి నడపడం ఎలా? చిన్నదానితోనే కంగారు పడేవాణ్ణి.

చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, పొడవైన ట్రైలర్‌ని వెనక్కి తీసుకెళ్ళడమే తేలిక. టియర్‌డ్రాప్ చిటుక్కున మడత పడిపోతుంది, పెద్దది నెమ్మదిగా తిరుగుతుంది, సరిచేసుకునే సమయం ఇస్తుంది. స్టీరింగ్ అడుగు భాగాన చెయ్యి పెట్టండి. చెయ్యి కుడికి కదిపితే ట్రైలర్ వెనక భాగం కుడికి, ఎడమకి కదిపితే ఎడమకి. ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్‌లో రెండు గంటలు సాధన చేయండి. వెనక నిలబడి చెప్పేవాళ్ళు అద్దంలో కనిపించే చోటే నిలబడాలి. చేతి సైగలకన్నా ఫోన్ స్పీకర్‌లో మాట్లాడుకోవడం మేలు. మా ఆవిడ "ఏవండీ, ఆపండి" అనగానే ఆపాలి, ఎందుకని అడగడం ఆపాకే, అదొక్కటే మా ఇంటి నియమం. అనుమానం వస్తే దిగి చూడండి, ఎన్నిసార్లయినా.

ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైతే ఏం చేయాలి?

బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీద ఉండే చేతి మీటను మెల్లగా నొక్కండి, ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి అది తిన్నగా సాగుతుంది. తర్వాత పక్కకి ఆపి సామాను చూడండి. ఎక్కువసార్లు కారణం వెనక భాగంలో బరువు ఎక్కువై టంగ్ వెయిట్ 10 శాతం కన్నా తగ్గడమే. వెనక బంపర్‌కి నాలుగు సైకిళ్ళు తగిలించిన ట్రిప్పులో మాకు ఇది జరిగింది. వాటిని తీసి ట్రక్ వెనక బెడ్‌లో వేశాక మళ్ళీ ఊగలేదు.

ఎంత స్పీడ్‌లో వెళ్ళొచ్చు?

టెక్సాస్‌లో బోర్డు మీద 75 ఉన్నా నేను 62, 63 దాటను. పక్కన వేరే రేటింగ్ రాసి ఉంటే తప్ప చాలా ట్రైలర్ టైర్లు 65 మైళ్ళ వేగానికే తయారవుతాయి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే ఎవరికైనా చట్టప్రకారమే 55. కొత్త ట్రైలర్ అయినా, చక్రం విప్పి బిగించినా మొదటి 50 నుంచి 100 మైళ్ళలో నట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించాలి. పాలో డ్యూరో కాన్యన్‌లోకి దిగే దారి 10 శాతం వాలు, అలాంటి చోట దిగడం మొదలుపెట్టకముందే తక్కువ గేర్‌లో వేయండి.

అమ్మానాన్న పెద్దవాళ్ళు, దారిలో ట్రైలర్‌లో పడుకోబెట్టి తీసుకెళ్ళొచ్చా?

వద్దు. లోపల సీటుబెల్టులు ఉండవు, ప్రమాదం జరిగితే ఆ గోడలు అడ్డుకోలేవు, టెక్సాస్‌లో అది నేరం కూడా. రెండు గంటలకొకసారి రెస్ట్ ఏరియాలో ఆగండి, వాళ్ళు లోపల కాళ్ళు చాపుకుని టీ తాగి మళ్ళీ బండి ఎక్కుతారు.

గూగుల్ మ్యాప్ చూపించిన దారిలో వెళ్తే చాలదా?

అది మీరు కారులో ఉన్నారనుకుంటుంది. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్ మీద కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని, బండీ ట్రైలర్ కలిపిన పొడవుతో సహా, రానివ్వరు. కనెక్టికట్‌లో మెరిట్ పార్క్‌వే మీద ట్రైలర్లు నిషేధం. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వెళ్ళే మన వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి: బాల్టిమోర్‌లో హార్బర్ టనెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టనెల్ రెండింటిలోనూ ట్రైలర్ ముందుండే 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్లు తీసుకెళ్ళకూడదు. ఇంతకుముందు కీ బ్రిడ్జి మీదుగా వెళ్ళేవాళ్ళు, అది 2024 మార్చి 26న కూలిపోయింది. ఇప్పుడు 695 హైవే మీద పడమటి వైపు చుట్టూ తిరిగి వెళ్ళాలి.

## క్యాంప్‌గ్రౌండ్‌లో

ఏసీ, రైస్ కుక్కర్, మైక్రోవేవ్ అన్నీ ఒకేసారి వాడొచ్చా?

మీది 30 ఆంప్‌ల ట్రైలర్ అయితే మొత్తం 3,600 వాట్లు. ఏసీకి 1,500 దాకా, వాటర్ హీటర్ కరెంటు మీద పెడితే 1,400, రైస్ కుక్కర్ 700. ఈ మూడింటితోనే హద్దు చేరిపోయారు, మైక్రోవేవ్ నొక్కగానే బ్రేకర్ పడిపోతుంది. మేము హీటర్‌ని గ్యాస్ మీదకి మార్చి, అన్నం ఉడికాక మైక్రోవేవ్ వాడతాం. ఇండియా నుంచి తెచ్చిన 220 వోల్టుల మిక్సీ పనిచేయదు, 110 వోల్టులది కొనుక్కోండి. కరెంటు స్తంభానికీ ట్రైలర్‌కీ మధ్య, వోల్టేజి తగ్గినా కరెంటు ఆపేసే రకం సర్జ్ ప్రొటెక్టర్ తప్పకుండా పెట్టండి, పాత పార్కుల్లో వోల్టేజి పడిపోయి ఏసీలు కాలిపోతుంటాయి.

గ్రే ట్యాంక్, బ్లాక్ ట్యాంక్ అంటే ఏమిటి? ఆ పని తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

సింకు, షవర్ నీళ్ళు గ్రే ట్యాంక్‌లోకి, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంక్‌లోకి వెళ్తాయి. ఖాళీ చేయడం పది నిమిషాల పని. గ్లవ్స్ వేసుకుని, గొట్టం తగిలించి, ముందు బ్లాక్ వాల్వ్ తెరవాలి, అది అయ్యాక గ్రే, అప్పుడు సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. సైట్‌లో మురుగు కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వ్ తెరిచి ఉంచేయకండి. నీళ్ళు జారిపోయి గట్టివి అడుగున పేరుకుంటాయి, అది తీయడం నరకం. మూడింట రెండు వంతులు నిండాకే వదలండి.

మనం నీళ్ళు వాడే అలవాటున్న వాళ్ళం. ట్రైలర్ టాయిలెట్‌లో కుదురుతుందా?

ఎవరూ పైకి అడగరు కానీ అందరికీ ఉండే సందేహం. కుదురుతుంది. కొన్ని ట్రైలర్ టాయిలెట్లకి హ్యాండ్ స్ప్రే ముందే ఉంటుంది, లేకపోతే తగిలించుకోవచ్చు. బ్లాక్ ట్యాంక్‌కి నీళ్ళు ఎక్కువ పడటం నిజానికి మంచిదే, కాగితం తక్కువ పడటం ఇంకా మంచిది. నీళ్ళ కనెక్షన్ లేని సైట్‌లో అయితే ఫ్రెష్ ట్యాంక్ (మంచినీళ్ళది) త్వరగా అయిపోతుంది, బ్లాక్ ట్యాంక్ త్వరగా నిండుతుంది, చిన్న మగ్గు పెట్టుకుని కొలత ప్రకారం వాడుకోండి.

పోపు పెడితే అలారాలు మోగుతాయా? మన వంట లోపల చేయొచ్చా?

మోగుతాయి. చిన్న గది, తక్కువ ఎత్తు, ఎండుమిర్చి ఘాటు పరుపుల్లో వారం రోజులుంటుంది. పోపులు, వేపుళ్ళు బయట స్టవ్ మీద, ఇడ్లీ, పప్పు కుక్కర్, అన్నం లోపల, ఇది మా పద్ధతి. అలారాన్ని మాత్రం ఎప్పుడూ తీసి పక్కన పెట్టకండి. నేల దగ్గర ఉండే గ్యాస్ అలారం ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి అక్కడ పెట్టారు, దానికి గడువు తేదీ కూడా ఉంటుంది, వెనక చూడండి.

గిన్నెలే అసలు చిక్కు. మన గిన్నెలు తోమితే 30 గ్యాలన్ల గ్రే ట్యాంక్ రెండు రోజుల్లో నిండుతుంది. నూనె, మెతుకులు, సాంబారు అడుగు ముందు పేపర్ టవల్‌తో తుడిచి చెత్తలో వేసి, సింకుకి జల్లెడ పెట్టి, అప్పుడు కడగండి. లేకపోతే ఎండలో ఆ ట్యాంకు వాసన బ్లాక్ ట్యాంక్‌ని మించిపోతుంది.

పెద్ద ట్రైలర్‌కి సైట్లు దొరకవంటారు, నిజమేనా?

శనివారాలకి, సెలవులకి నిజమే. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో 5 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. నేషనల్ పార్కుల్లో చాలావాటికి రిక్రియేషన్.గవ్‌లో 6 నెలల ముందు, పార్కును బట్టి మారుతుంది. పెద్దది కావడం వల్ల తెరుచుకునే తలుపులూ ఉన్నాయి. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో గ్రిజ్లీ ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడలున్న వాటినే రానిస్తారు. మేము టియర్‌డ్రాప్‌తో పాటు టెంట్ వేసుకునే రోజుల్లో అక్కడ దిగే వీలే లేదు.

## ఇంటికి తిరిగొచ్చాక

టెక్సాస్‌లో చలి తక్కువే కదా, వింటరైజ్ (పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా సిద్ధం) చేయాలా?

చేయాలి. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా గడ్డకట్టినప్పుడు మాకు టియర్‌డ్రాప్ ఉండేది, దాంట్లో ఉన్నది ఒక్క నీళ్ళ డబ్బా. అదే వారం మా స్నేహితుడి ట్రైలర్‌లో పైపులు, టాయిలెట్ వాల్వ్ పగిలిపోయాయి. నీళ్ళన్నీ వదిలేసి, వాటర్ హీటర్ ఖాళీ చేసి బైపాస్ పెట్టి, గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ రెండు మూడు గ్యాలన్లు పంపు ద్వారా ప్రతి కుళాయిలోంచి గులాబీ రంగు వచ్చేదాకా తిప్పండి. షవర్, టాయిలెట్ మరిచిపోవద్దు. కారు రేడియేటర్‌లో పోసేది వాడకండి, అది విషం. వసంతంలో మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు హీటర్ ట్యాంక్ నిండిందని తేలేదాకా కరెంటు స్విచ్ వేయొద్దు, ఖాళీగా వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది.

ఏడాదికి నిర్వహణ ఏముంటుంది?

పైకప్పు సీలెంట్ ఏడాదికి రెండుసార్లు చూడటం, బేరింగులకి గ్రీజు ఏడాదికోసారి, టైర్ల గాలి ప్రతి ట్రిప్పుకి ముందు. నా లెక్కలో పైకప్పే అన్నిటికన్నా ముఖ్యం, పది డాలర్ల సీలెంట్ ట్యూబు వేలల ఖర్చు ఆపుతుంది.

పాత టియర్‌డ్రాప్ ఎప్పుడు, ఎలా అమ్మాలి?

మార్చి, ఏప్రిల్‌లో పెట్టండి, అప్పుడే అందరూ వెతుకుతారు. కొత్తది వచ్చి ఒక ట్రిప్పు పూర్తయ్యేదాకా పాతది ఉంచుకుంటే మంచిది, మనసు మారితే దారి ఉంటుంది. డీలర్‌కి ఎక్స్‌చేంజ్ ఇవ్వడం సులభమే కానీ చిన్నవాటికి నేరుగా అమ్మితే ఎక్కువ వస్తుంది. కొనేవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ బండి బాల్ సైజు, లైట్ల ప్లగ్ సరిపోయాయో లేదో మీరే చూసి పంపండి. మా దాన్ని కొన్నది కొత్తగా పెళ్ళైన జంట, వాళ్ళ బాల్ సైజు వేరేది. నా పాత బాల్ విప్పి వాళ్ళ బండికి బిగించి ఇచ్చాను. టెక్సాస్‌లో అయితే కొన్నవాళ్ళతో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళి టైటిల్ మార్పించండి, డీఎంవీలో వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ కూడా అదే రోజు పెట్టేయండి. లేకపోతే వాళ్ళ టోల్ బిల్లులు నెలల తరబడి మీ ఇంటికే వస్తాయి.